పడనిది ఒళ్ళు చెబుతుంది, షుగరు చెప్పదు

పై వీడియోలో ఒకే మనిషి రెండు రకాల బియ్యం తిని, తినకముందు ఒకసారి, తిన్నాక ఒకసారి మీటరుతో షుగరు చూసుకునే పద్ధతి చూపించాం. "ప్రకృతి వ్యవసాయం వీడియోల్లో ఈ సూదుల గోల ఏంటండీ" అని అడిగేవాళ్ళు తప్పకుండా ఉంటారు. అందుకే కారణం ఇక్కడ రాస్తున్నాను. కాస్త పొడుగే అవుతుంది, ఓపిక చేసుకుని చదవండి.

మనవాళ్ళ మీటింగుల్లో, విజయవాడ ఆర్గానిక్ మేళాల్లో ఈమధ్య బాగా వినపడే మాట "నీ శరీరం మాట నువ్వు విను". మంచి మాటే. మనకి కొత్త మాట కూడా కాదు. "నాకు వంకాయ పడదు", "పచ్చిపాలు సరిపడవు", "గోంగూర తింటే తేడా చేస్తుంది" అని మన ఇళ్ళల్లో ఎప్పటినుంచో అంటూనే ఉన్నారు. కామెర్లొస్తే పథ్యం, బాలింతకి పథ్యం, ఒకరికి పెట్టింది ఇంకొకరికి పెట్టకపోవడం, ఇదంతా ఒళ్ళు చెప్పింది వినడమే. నా అభ్యంతరం ఆ మాట మీద కాదు. ఒళ్ళు అన్నీ చెబుతుందనుకోవడం మీద. కొన్ని జబ్బులు కేకలేస్తాయి, కొన్ని చివరిదాకా నోరెత్తవు. ఈ రెండూ వేరని తెలియకుండా మనం బియ్యం అమ్ముతున్నాం, సలహాలు కూడా ఇస్తున్నాం.

ముందు కేకలేసే వాటి సంగతి చూద్దాం. ఇక్కడ ఒళ్ళు మాట నిజంగానే వినాలి.

వంకాయ తింటే నోరు, గొంతు దురద పెడుతుందంటే చాలామంది నవ్వేస్తారు. నవ్వాల్సిన పని లేదు. మైసూరు సీఎఫ్‌టీఆర్‌ఐ శాస్త్రవేత్తలు ఈ వంకాయ దురద మీదే పరిశీలన చేశారు. కొందరిది అసలైన అలర్జీ, కొందరికి వంకాయలో సహజంగా ఉండే హిస్టమిన్ వల్ల వచ్చే దురద. మందు కొట్టని వంకాయైనా అంతే. "మీది ఆర్గానిక్ కదా, దురద రాదులే" అని కస్టమరుకి చెప్పేవాళ్ళు ఇది గమనించాలి. కైకలూరు, ముదినేపల్లి వైపు రొయ్య ఇంటి కూరే కాబట్టి ఇంకో మాట. రొయ్య తిన్న కొద్ది నిమిషాల్లోనో గంటా రెండు గంటల్లోనో దద్దుర్లు లేచినా, పెదాలు వాచినా, ఊపిరి పట్టేసినట్టున్నా అది "వేడి చేయడం" కాదు. మజ్జిగ తాగి పడుకునే వ్యవహారమూ కాదు. ఊపిరాడకపోతే నేరుగా ఆసుపత్రికే వెళ్ళాలి. మళ్ళీ జన్మలో రొయ్య జోలికి పోకూడదు.

పాల సంగతి వేరు. దక్షిణాదిలో పెద్దవాళ్ళలో చాలామందికి పాలలోని చక్కెర, అంటే లాక్టోజ్, పూర్తిగా అరగదు. కడుపుబ్బరం, గుడగుడ, విరేచనం వస్తాయి. పెరుగు మాత్రం పడుతుంది, ఎందుకంటే తోడు వేసినప్పుడు ఆ చక్కెరలో కొంత పులుపుగా మారిపోతుంది. మన వాళ్ళు పాలకన్నా పెరుగూ మజ్జిగనే నమ్ముకున్నారంటే ఊరికే కాదు. ఇక్కడ మనవాళ్ళకి కోపమొచ్చే మాట ఒకటి చెప్పాలి. ఒంగోలు ఆవు పాలు ఏ2 కాబట్టి పాలు పడనివాళ్ళకి కూడా పడతాయని అమ్ముతున్నారు. ఏ1, ఏ2 అనేది పాలలోని ఒక ప్రొటీన్‌లో తేడా. లాక్టోజ్ మాత్రం ఒంగోలు ఆవు పాలలోనూ ఉంది, జెర్సీ ఆవు పాలలోనూ ఉంది. లాక్టోజ్ పడనివాడికి రెండింటితోనూ అదే గుడగుడ. ఒంగోలు ఆవుని కాపాడటానికి వంద కారణాలున్నాయి, దీన్ని తెచ్చి అందులో కలపక్కర్లేదు.

గోధుమ విషయంలోనూ అంతే, తొందరపడి మానేయకండి. గోధుమ అస్సలు పడని సీలియాక్ జబ్బు మన దక్షిణాదిలో చాలా అరుదు, ఉత్తరాదిలో బాగా ఎక్కువ. అనుమానముంటే రక్తపరీక్ష గోధుమ తింటూ ఉండగానే చేయించుకోవాలి. నెలల తరబడి మానేసి వెళితే జబ్బున్నా పరీక్షలో కనపడకపోవచ్చు.

మరి ఏది పడటం లేదో ఎలా పట్టుకోవాలి? ఈ పని మనకి చేతనైనంతగా ఇంకెవరికీ చేతకాదు. పొలంలో ద్రవ జీవామృతం, నీమాస్త్రం, పుల్లటి మజ్జిగ మూడూ ఒకే వారంలో వాడేసి, పైరు కోలుకుంటే దేనికి కోలుకుందో చెప్పగలమా? చెప్పలేం. అందుకే ఒక మడిలో ఒకే మార్పు చేస్తాం, పక్కన ఒక మడి వదిలేస్తాం. తిండి దగ్గరికొచ్చేసరికి ఈ తెలివి ఏమైపోతుందో తెలియదు. పాలు, గోధుమ, చక్కెర, నూనె, ఇడ్లీ అన్నీ ఒకేరోజు మానేస్తాం. పది రోజులకి హాయిగా ఉంటే "చూశావా, గోధుమే" అని తేల్చేస్తాం. అలా కాదు. అనుమానమున్నది ఒక్కటే రెండు మూడు వారాలు ఆపండి. ఏం తిన్నారో, ఎంతసేపటికి ఏమైందో క్యాలెండరు మీదైనా రాయండి. తర్వాత అదే వస్తువు మళ్ళీ కొద్దిగా తిని చూడండి. మళ్ళీ అదే బాధ వస్తేనే అది దోషి. దద్దుర్లు, ఊపిరి ఇబ్బంది వచ్చినవాళ్ళు మాత్రం ఈ "మళ్ళీ తిని చూడటం" ఇంట్లో చేయకూడదు. అది డాక్టరు ముందు చేసే పని.

ఇక మన సరుకు విషయానికొస్తాను. నలభై ఏళ్ళు తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం తిన్న మనిషి సోమవారం నుంచి దంపుడు బియ్యం, మంగళవారం కొర్రలు, బుధవారం అరికెలు అని మొదలెడతాడు. పొట్ట బిగిసిపోతుంది, గ్యాసు, మలబద్ధకం. పీచు ఒక్కసారిగా పెరిగి, నీళ్ళు పెరగకపోతే జరిగేదే ఇది. వారానికి రెండు పూటలతో మొదలెట్టి, ధాన్యం రాత్రంతా నానబెట్టి, మెత్తగా వండుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. కానీ అతను ఎవరికైనా ఫోన్ చేస్తే వచ్చే జవాబేమిటి? "కంగారు పడకండి, ఒంట్లో విషాలు బయటికి పోతున్నాయి, ఒళ్ళు శుద్ధి అవుతోంది."

నాకు ఈ జవాబు మీద ఉన్నంత కోపం పురుగుమందుల డీలరు మీద కూడా లేదు. ఒళ్ళు మాట వినమన్నది మనమే. ఒళ్ళు నోరు తెరిచి "నాకిది పడటం లేదు" అంటే దాని నోరు మూసేదీ మనమే. కడుపునొప్పి వచ్చినా శుద్ధే, కళ్ళు తిరిగినా శుద్ధే, చెమటలు పట్టి వణికినా శుద్ధే. బాగుంటే మా తిండి గొప్ప, బాగోకపోతే నీ ఒంట్లో విషం అంటే ఇక తప్పని తేలే దారే లేదు.

ఆ చెమటలూ వణుకూ దగ్గర కాసేపు ఆగాలి. విజయవాడ నుంచి బయలుదేరిన ఆహార ఉద్యమాలు మనకి కొత్త కాదు. ఉండవల్లి కరకట్ట మీద మంతెన సత్యనారాయణరాజు గారి ఆరోగ్యాలయం ఏళ్ళ తరబడి ఉప్పూ నూనే లేని భోజనం చెప్పింది. 2017, 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి ద్రవాహారం, కొబ్బరినూనె, నిమ్మకాయలు ఊళ్ళకి ఊళ్ళు చుట్టేశాయి. టీవీల్లో ఆయనకీ డాక్టర్లకీ వాదోపవాదాలు నడిచాయి. ప్రొద్దుటూరులో పుట్టి మైసూరులో స్థిరపడ్డ ఖాదర్ వలీ గారి సిరిధాన్యాలు ఇంకో పెద్ద అల, 2023లో ఆయనకి పద్మశ్రీ కూడా వచ్చింది. ఒకరు నూనె వద్దంటారు, ఒకరు నూనే తాగమంటారు, ఒకరు వరి మానేయమంటారు. ఎవరిది ఒప్పో తేల్చడం ఈ వ్యాసం పని కాదు. అయితే మూడింట్లోనూ ఒకటి జరుగుతుంది. పిండిపదార్థమో మొత్తం తిండో ఒక్కసారిగా తగ్గుతుంది. తగ్గితే షుగరు తగ్గడం నిజం. ప్రమాదం కూడా అక్కడే ఉంది. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలో, ఇన్సులినో వాడే మనిషి మందు అదే మోతాదులో ఉంచి తిండి సగం చేస్తే షుగరు బాగా పడిపోతుంది. చెమట, వణుకు, గుండెదడ, తికమక మాటలు వస్తాయి. అది శుద్ధి కాదండీ, ఒళ్ళు పెట్టే ఆఖరి కేక. వెంటనే మూడు చెంచాల చక్కెరో, బెల్లం నీళ్ళో ఇచ్చి, పావుగంటకి మీటరు పెట్టి చూడాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇంకో సంగతి, ఏళ్ళ తరబడి షుగరున్నవాళ్ళలో కొందరికి ఈ కేక కూడా వినపడదు. నేరుగా పడిపోతారు. కాబట్టి తిండి మార్చే ముందే డాక్టరుకి చెప్పి మోతాదు మార్పించుకోవాలి. చిన్నవయసులో వచ్చి ఇన్సులిన్ మీదే బతికే షుగరు వాళ్ళు ఎవరు చెప్పినా ఇన్సులిన్ ఆపకూడదు. రోజుల్లో ప్రాణం మీదికొస్తుంది.

ఇప్పుడు నోరెత్తని జబ్బుల సంగతి.

దోమపోటు తెలియని డెల్టా రైతు ఉండడు. చేను గట్టు మీద నిలబడి చూస్తే పచ్చగా నవనవలాడుతూ ఉంటుంది. దిగి, దుబ్బు విడదీసి, మొదట్లో చూస్తే అప్పుడు కనపడుతుంది దోమ. గట్టు మీద నుంచే కనపడే రోజుకి చేను సుడులు సుడులుగా మాడిపోయి ఉంటుంది. షుగరు, బీపీ, కిడ్నీ జబ్బు సరిగ్గా దోమపోటు లాంటివి. భారత వైద్య పరిశోధన మండలి ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు, ఇంకో 13 కోట్ల మందికి పైగా షుగరు అంచున ఉన్నారు. పెద్దవాళ్ళలో 35 శాతం మందికి బీపీ. వీళ్ళలో చాలామంది "నాకేం, దున్నపోతులా ఉన్నాను" అనేవాళ్ళే. తలనొప్పి లేదు కాబట్టి బీపీ లేదు, నీరసం లేదు కాబట్టి షుగరు లేదు అనుకుంటే గట్టు మీద నుంచి చూసి దోమ లేదన్నట్టే.

నా దగ్గర బియ్యం తీసుకునే ఒక పెద్దాయన ఎవరో చెప్పారని నల్లబియ్యం మొదలెట్టి మాత్రలు ఆపేశారు. "ఒళ్ళు తేలిగ్గా ఉందిరా అబ్బాయ్" అనేవారు. ఆరు నెలల తర్వాత కలిస్తే పాదానికి కట్టు. ముల్లు గుచ్చుకుని ఎన్నాళ్ళయిందో ఆయనకి తెలియదు. చెప్పు మీద రసి చూసి ఇంట్లోవాళ్ళు కనిపెట్టారు. షుగరు ఎక్కువగా ఉండి ఉండి పాదంలో నరాలు మొద్దుబారిపోతే జరిగేది ఇదే. ఒళ్ళు మాట వింటూనే ఉన్నాడు పాపం, కానీ చెప్పాల్సిన నరాలే చచ్చిపోయాయి. వేలు తీసేశారు, కాలు దక్కింది.

కిడ్నీ ఇంకా ఘోరం. మన ఎన్టీఆర్ జిల్లాలోనే ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళు గుల్ల చేసిందో మీకు తెలుసు. శ్రీకాకుళం ఉద్దానం తర్వాత అంతగా పేపర్లకెక్కింది ఆ తండాలే. నీళ్ళ మీద, నొప్పి బిళ్ళల మీద చర్చ ఏళ్ళుగా నడుస్తూనే ఉంది. కృష్ణా నీళ్ళు పైపుల్లో ఇవ్వాలని తండాలవాళ్ళు పోరాడాల్సి వచ్చింది. రక్తంలో క్రియాటినిన్ పెరిగినట్టు కనపడే నాటికే కిడ్నీల పని సగం దాకా పోయి ఉంటుంది. కాళ్ళ వాపు, ఆయాసం అంటే ఇంకా ఆలస్యం. నాట్లప్పుడు, కోతలప్పుడు ఒళ్ళు నొప్పులకి డైక్లోఫెనాక్ బిళ్ళలు పిప్పరమెంట్లలా మింగేవాళ్ళు మన పొలాల్లోనే ఉన్నారు. నొప్పి అంటే ఒళ్ళు "ఇవాళ్టికి చాలు" అనడం. ఆ నోరు బిళ్ళతో మూసి మళ్ళీ మడిలో దిగుతారు. రెండెకరాల కూలి పోతే ఇల్లు గడవదు కాబట్టి దిగుతారనుకోండి. అది వాళ్ళ తప్పని నేననను. బిళ్ళలు కిడ్నీకి చేసే చేటు మాత్రం వాళ్ళకి ఎవరో ఒకరు చెప్పాలి.

కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళ దగ్గర మన "సహజం కాబట్టి మంచిదే" అనే మాట అసలు పనికిరాదు. కొబ్బరినీళ్ళు, అరటిపండు, పచ్చి ఆకుకూరల రసాల్లో పొటాషియం ఎక్కువ. మామూలు మనిషికి మేలు చేసే ఆ గ్లాసుడు కొబ్బరినీళ్ళే ముదిరిన కిడ్నీ రోగికి గుండె లయ తప్పించగలవు. ఏ మందూ కొట్టని చెట్టు కాయైనా అంతే.

ఇక బియ్యం. "ఈ బియ్యం తింటే షుగరు తగ్గుతుందా?" దేశవాళీ వరి పండించే ప్రతివాడికీ రోజూ ఎదురయ్యే ప్రశ్న ఇది. బియ్యం తింటే షుగరు పెరుగుతుంది, ఏ బియ్యమైనా సరే. ఎంత త్వరగా, ఎంత పెరుగుతుందన్నదే తేడా. ఆ తేడా దేశవాళీయా, హైబ్రిడ్డా అన్నదాన్ని బట్టి రాదు. గింజలో ఉండే పిండి రకం, పాలిష్, వండిన తీరు, తిన్న మోతాదు, పక్కన తిన్న కూరా పప్పూ, వీటన్నిటినీ బట్టి వస్తుంది. సూచిక 55 లోపు ఉంటే తక్కువ అంటారు. రాజేంద్రనగర్ నుంచి వచ్చిన ఆర్‌ఎన్‌ఆర్ 15048, అదే తెలంగాణ సోనా, 51 దగ్గర ఉంది. బాపట్ల సాంబ మసూరి బీపీటీ 5204కి ఎండాకు తెగులు తట్టుకునే గుణం కలిపి 2008లో విడుదల చేసిన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి కూడా ఇంచుమించు అంతే. రెండూ పరిశోధన కేంద్రాల విత్తనాలు. మన నవారా, మన కాలాబట్టీ వాటికన్నా తక్కువని కొలిచి చూపించకుండా అనడానికి మనకి హక్కు లేదు. రుచికి, పీచుకి, ఎరువుల్లేకుండా నిలబడి పండినందుకు, విత్తనం మన చేతిలో ఉన్నందుకు వాటిని అమ్ముదాం. (రుచిగా ఉందని ఇంకో రెండు గరిటెలు ఎక్కువ పెట్టించుకునే వాళ్ళని నేను బోలెడుమందిని చూశాను. ఆ రెండు గరిటెల దగ్గర సూచిక సంగతి అయిపోయినట్టే.)

వీడియోలోని పద్ధతి దీనికే. తినే ముందు ఒక రీడింగు. మొదటి ముద్ద తిన్న దగ్గర్నుంచి సరిగ్గా రెండు గంటలకి ఇంకో రీడింగు. మూడు రోజులు పాత బియ్యం, మూడు రోజులు కొత్త బియ్యం, అదే పూట, అదే కూర, బియ్యం పొడిగా ఉన్నప్పుడే తూచి అన్నే గ్రాములు. మందులు మార్చకూడదు. ఒకరికి తేడా బాగా కనపడుతుంది, ఇంకొకరికి ఏమీ కనపడదు. ఒళ్ళు మాట వినడమంటే నా దృష్టిలో ఇదే, మీటరు దుబ్బు విడదీసే చెయ్యి లాంటిది. మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ, ఏడాదికోసారి క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, కంటి పరీక్ష, పాదాల పరీక్ష. ముప్పై దాటినవాళ్ళకి బీపీ, షుగరు ఊళ్ళోని విలేజ్ క్లినిక్‌లో ఉచితంగానే చూస్తారు. రైతు సేవా కేంద్రానికి పోయినంత సులువుగా అక్కడికీ పోవచ్చు, మగవాళ్ళే పోరు.

మాత్రలు తగ్గించుకోవాలని ఉందా, ఆ కోరిక తప్పు కాదు. బరువు తగ్గి, తిండి సర్దుకుని, డాక్టరు చూస్తూ ఉండగా మోతాదు తగ్గినవాళ్ళు, కొన్నాళ్ళు పూర్తిగా ఆగినవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ చేతిలో రీడింగులున్నాయి. "తేలిగ్గా ఉంది" అన్న మాట ఒక్కటే పెట్టుకుని ఆపితే, పైన చెప్పిన పెద్దాయన పాదం గుర్తుంచుకోండి.

చివరిగా ప్యాకెట్ల గురించి. ఆహార పదార్థం రోగాన్ని నయం చేస్తుందనో, రాకుండా ఆపుతుందనో ప్రచారం చేయకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 నిబంధనల్లోనే ఉంది. షుగరు, బీపీ తగ్గిస్తామనే మందుల ప్రకటనల మీద 1954 నాటి చట్టం ఉండనే ఉంది. మేళాలో మన స్టాళ్ళ మీద "షుగర్ వ్యాధికి దివ్యౌషధం" అని ఫ్లెక్సీలు చూస్తూనే ఉన్నాం. అధికారి వచ్చి తీయించేదాకా ఎందుకు, మనమే తీసేద్దాం. ఆ జాగాలో రకం పేరు, ఊరు, కోసిన నెల, పాలిష్ ఎన్నిసార్లు పట్టారు, ఏమేం వాడారు, ఏం వాడలేదు రాయండి. కొనేవాళ్ళెవరైనా "మాత్రలు ఆపేయొచ్చా" అని అడిగితే "మీ డాక్టరు గారిని అడగండి, బియ్యం మాత్రం కొలిచి వండుకోండి" అని చెప్పి, తూకం వేసివ్వండి.